రెండు రింగులు.. కట్‌!

దుబాయ్‌లో దిగిన మనిషికి ముందుగా కావాల్సింది ఏమిటి? మంచమా, భోజనమా, జీతమా? సోనాపూర్‌లో ఎవరిని అడిగినా చెప్పే జవాబు ఒక్కటే.. సొంత ఫోన్‌ నంబరు! అది చేతికొచ్చేదాకా మనిషి అక్కడున్నా ఇంటివాళ్లకు లేనట్టే.

అది 2024 నవంబరు. దుబాయ్‌ విమానాశ్రయంలో తెల్లవారుజామున దిగాను. పెట్టె వచ్చేలోపు ఇంటికో మాట చెబుదామని ఫోన్‌ తీశాను. అక్కడ వైఫై ఉచితమే. వాట్సాప్‌లో అమ్మ పేరు నొక్కాను. రింగైంది. అవతల ఎత్తినట్టే ఉంది. 'హలో' అన్నాను. తెర మీద 'కనెక్టింగ్‌' అన్న మాట కదులుతోంది తప్ప అమ్మ గొంతు రాదు. పెట్టేసి మళ్లీ చేశాను. మళ్లీ అదే తంతు. విసుగొచ్చి 'క్షేమంగా చేరాను' అని మెసేజ్‌ కొడితే మాత్రం చిటికెలో రెండు టిక్కులు పడ్డాయి!

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మా బావ సంగతి విని పకపకా నవ్వాడు. పన్నెండేళ్లుగా అక్కడే ఉంటున్నాడాయన.

'మొదటిరోజు అందరూ చేసే పనే నువ్వూ చేసినవ్‌. ఇక్కడ వాట్సాప్‌ రాస్తది గని మాట్లాడది!' అన్నాడు.

గల్ఫ్‌లో మనవాళ్ల బతుకుల గురించి రాద్దామని వెళ్లాను. జీతాల గురించి, గదుల గురించి, ఎండల గురించి అడగాలని ప్రశ్నలు రాసుకుని మరీ వెళ్లాను. పదిరోజుల్లో ఎవరిని కదిపినా చివరికి మాట వచ్చి ఆగింది మాత్రం ఫోన్‌ దగ్గరే.

బంగారు ఊరి గేటు దగ్గర

సోనాపూర్‌ అంటే బంగారు ఊరు. ఎవరు పెట్టారోగానీ అది అధికారిక పేరు కాదు. సర్కారు లెక్కల్లో అది ముహైస్నా-2. దుబాయ్‌కీ షార్జాకీ సరిహద్దులో ఉంటుంది. వరసగా కార్మికుల క్యాంపులు. బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. సాయంత్రమైతే చాలు, కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. దుమ్ము పట్టిన బూట్లతో వేలమంది దిగుతారు. ఆ గుంపులో నిలబడితే తెలుగు, హిందీ, నేపాలీ, బెంగాలీ, పష్తో.. అన్నీ ఒకేసారి చెవిన పడతాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌, కామారెడ్డి యాసలు వేరువేరుగా గుర్తుపట్టేవాళ్లూ ఉన్నారక్కడ!

బయటివాళ్లను క్యాంపు గదుల్లోకి సులభంగా రానివ్వరు. అందుకే మా ముచ్చట్లన్నీ గేటుకు ఎదురుగా ఉన్న కెఫెటేరియాలోనే. అక్కడే పరిచయమయ్యాడు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఓ కుర్రాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. భవనాల దగ్గర సహాయకుడి పని. వచ్చి పదహారు రోజులైందట. చేతిలో మంచి స్మార్ట్‌ఫోనే ఉంది. అందులో సిమ్‌ మాత్రం లేదు.

'కొనుక్కోవచ్చుగా?' అన్నాను అమాయకంగా.

'పత్తా రావాలె కదన్నా' అన్నాడు.

పత్తా అంటే పత్తాకా. ఎమిరేట్స్‌ ఐడీని మనవాళ్లు అలాగే పిలుస్తారు. పర్యాటకులకు పాస్‌పోర్టు చూపిస్తే విమానాశ్రయంలోనే సిమ్‌ ఇస్తారు. నాకూ అలాగే ఇచ్చారు. ఉద్యోగానికి వచ్చినవాళ్ల సంగతి వేరు. వైద్య పరీక్షలు, వేలిముద్రలు అయ్యి కార్డు చేతికి రావాలి. ఆ కార్డు చూపిస్తేనే సిమ్‌. ఏ సిమ్‌ ఎవరిదో కచ్చితంగా తెలియాలంటూ అక్కడి ప్రభుత్వం 2012లో ఓ ఉద్యమంలా అందరి నంబర్లనూ మళ్లీ నమోదు చేయించింది. అప్పటినుంచీ నంబరంటే మనిషి గుర్తింపే.

మరి కార్డు వచ్చేదాకా పాస్‌పోర్టు మీద తాత్కాలిక సిమ్‌ తీసుకోవచ్చు కదా అంటారా? ఆ కుర్రాడి పాస్‌పోర్టు 'పనులున్నాయి' అంటూ కంపెనీ వాళ్లే దగ్గర పెట్టుకున్నారు. కార్మికుడి పత్రాలు యజమాని అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం తప్పు. కానీ వచ్చిన పదహారో రోజున చట్టం మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది?

పక్కింటి వాకిట్లో మాటలు

'మరి ఇంటికి ఎట్లా మాట్లాడుతున్నావ్‌?'

గదిలో ఎవరో ఒకరు హాట్‌స్పాట్‌ ఇస్తారట. సొంతూళ్లో తల్లిది మామూలు బటన్‌ ఫోన్‌. అందుకని పక్కింటి అబ్బాయి స్మార్ట్‌ఫోన్‌కి చేస్తాడు. ఆ అబ్బాయి ఫోన్‌ పట్టుకుని 'పెద్దమ్మా, నీ కొడుకు' అని పిలుస్తాడు. ఆమె వాళ్ల వాకిట్లో నిలబడి మాట్లాడుతుంది.

'మంచిదే కదా' అన్నాను.

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పాడు. 'వీసాకు పైసలు తెచ్చింది వాళ్ల ఇంట్లనే అన్నా. అవ్వ ఆళ్ల ముంగట ఏం మాట్లాడుతది? మంచిగున్న బిడ్డా అంటది. నేను మంచిగున్న అంట. అయిపాయె.'

బాకీ ఉన్నవాళ్ల వాకిట్లో, వాళ్ల ఫోన్‌లో, వాళ్ల ఎదుట.. ఏ తల్లి తన బాధ చెప్పుకోగలదు? జీతం అనుకున్నంత లేదనీ, పని చెప్పిన పని కాదనీ కొడుకు మాత్రం ఎలా చెప్పగలడు? ఫోన్‌ లేకపోవడం అంటే మాట లేకపోవడం ఒక్కటే కాదు.. మనసు విప్పే చోటు లేకపోవడం.

క్యాసెట్‌ నుంచి మిస్డ్‌ కాల్‌ దాకా

మా బావ పక్కనే కూర్చుని విన్నాడు. 'ఇది కొత్తేం కాదు, పీపీ నంబర్‌ మళ్లొచ్చింది' అన్నాడు.

పీపీ నంబర్‌ గుర్తుందా? ఇంట్లో ఫోన్‌ లేనివాళ్లు పక్కింటివాళ్లదో, కిరాణా కొట్టువాళ్లదో నంబరు ఇచ్చి, పక్కన 'పీపీ' అని రాసేవారు. 1990లలో గల్ఫ్‌ వెళ్లిన వారి ఇళ్లన్నీ దాదాపు పీపీ నంబర్లతోనే నడిచాయి. శుక్రవారం ఫలానా టైముకి చేస్తానని ఉత్తరంలో రాస్తే, ఆ గంట ముందే పిల్లాజెల్లాతో వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవారు. అంతకుముందు రోజుల్లో అయితే క్యాసెట్‌ ఉత్తరాలు! రాయడం రానివాళ్లు టేప్‌రికార్డర్‌ ముందు కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పి, ఊరికి వెళ్లేవాళ్ల చేతికి క్యాసెట్‌ ఇచ్చి పంపేవారు. అటునుంచి భార్య మాటలు, పసిపిల్లల ఏడుపులు మరో క్యాసెట్‌లో వచ్చేవి.

2003లో మనదేశంలో ఇన్‌కమింగ్‌ కాల్స్‌ ఉచితమయ్యాక సెల్‌ఫోన్లు పల్లెలకు పాకాయి. దుబాయ్‌ నుంచి కాల్‌ చేస్తే మాత్రం మీటరు గిర్రున తిరిగేది. దానికీ మనవాళ్లు ఉపాయం కనిపెట్టారు.. మిస్డ్‌ కాల్‌!

'ఒక్క రింగైతే డ్యూటీకి పోతున్నట్టు. మూడు రింగులైతే పైసలు పంపినట్టు. ఎత్తుకోవద్దు. ఎత్తితే పైసలు కట్‌' అని మా బావ వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. ఏ ఇంటి కోడ్‌ ఆ ఇంటిదేనట. పక్కింటివాళ్ల రింగులకు అర్థం మనకు తెలియదు.

'మా బాపు కూడా చేసేటోడు' అన్నాడు కుర్రాడు. వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు ఇక్కడే ఆరేళ్లు పనిచేశాడు. ఆయన పోయి మూడేళ్లయింది. 'రెండు రింగులు ఇచ్చి కట్‌. మళ్ల రెండు ఇచ్చి కట్‌. గదేందో నాకు తెల్వకపోతుండె. అవ్వ మాత్రం నవ్వేది.'

రెండే దారులు

ఇప్పుడు మళ్లీ వాట్సాప్‌ సంగతికొద్దాం. ఎందుకు మాట్లాడనివ్వదు?

యూఏఈలో టెలిఫోన్‌ సేవలు చాలాకాలం ఎతిసలాత్‌ ఒక్కటే అందించింది. అది 1976లో పుట్టింది. 1982లోనే మొబైల్‌ సర్వీసు మొదలుపెట్టింది. మనదేశంలో తొలి సెల్‌ఫోన్‌ మోగింది 1995లో అని గుర్తు చేసుకుంటే ఎంత ముందున్నారో అర్థమవుతుంది. రెండో సంస్థ 'డు' 2007లో రంగంలోకి దిగింది. ఎతిసలాత్‌ గ్రూపు 2022లో తన పేరును 'ఈ-అండ్‌'గా మార్చుకుంది. పాతకాపులు నంబరు చూసే జాతకం చెప్పేస్తారు. 050 అంటే పాత ఎతిసలాత్‌, 055 అంటే డు తొలినాటి నంబరు అని!

ఇంటర్నెట్‌ మీదుగా ఫోన్‌ మాట్లాడించాలంటే అక్కడ అనుమతి ఉండాలి. వాట్సాప్‌లో మాట్లాడే సదుపాయం 2015లో వచ్చింది. యూఏఈలో దానికి అనుమతి దొరకలేదు. ఫేస్‌టైమ్‌దీ అదే కథ. 2018 జనవరిలో రెండు సంస్థలూ ఇంటర్నెట్‌ కాలింగ్‌ ప్యాక్‌లు తెచ్చాయి. నెలకు 50 దిర్హమ్‌లు కడితే బోటిమ్‌, సీమీ అనే యాప్‌లలో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు అన్నాయి. అప్పటి లెక్కలో అది ఎనిమిది వందల రూపాయలకు పైనే. బోటిమ్‌ అప్పటినుంచే మన పల్లెల్లోకి వచ్చేసింది. హైదరాబాద్‌లో ఎంతోమందికి తెలియని ఆ యాప్‌ పేరు జగిత్యాల పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలుసు!

2016లో మనదగ్గర జియో రావడంతో డేటా చౌకైంది. ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్‌ వచ్చింది. దాంతో కష్టం ఇటు తగ్గింది. అటువైపు మాత్రం ఒక్కో గదిలో నలుగురు కలిసి ప్యాక్‌ వేయించుకుని వంతులవారీగా మాట్లాడుకున్న రోజులున్నాయి. కరోనా వచ్చిన 2020లో జూమ్‌, మైక్రోసాఫ్ట్‌ టీమ్స్‌ లాంటివాటికి అనుమతి దొరికింది. అయితే అవి ఆఫీసు పనికీ, పిల్లల చదువులకీ.

కొందరు వీపీఎన్‌ పెట్టుకుని వాట్సాప్‌లో మాట్లాడేస్తారు. ఇది సరదా విషయం కాదు. చట్టం ఒప్పుకోని పనికి వీపీఎన్‌ వాడితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దాకా ఉంటుంది. 5 లక్షలంటే మన డబ్బులో కోటి రూపాయలకు పైమాటే. ఇంటికి 'తిన్నారా' అని అడగడానికి ఆ సాహసం అవసరమా?

వాట్సాప్‌ మాట్లాడనివ్వకపోయినా గొంతు రికార్డు చేసి పంపితే మాత్రం వెళుతుంది. తెలుగులో టైపు చేయడం రానివాళ్లంతా దాన్నే నమ్ముకున్నారు. కెఫెటేరియాలో ఏ మూల చూసినా నోటి దగ్గర ఫోన్‌ అడ్డంగా పెట్టుకుని ఊరి సంగతులు చెప్పుకుంటున్నవాళ్లే. క్యాసెట్‌ ఉత్తరం రూపం మార్చుకుని తిరిగొచ్చిందన్నమాట!

దేశాన్ని బట్టి నిబంధన కూడా మారుతుంది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్‌ కాల్స్‌ మీద నిషేధాన్ని సడలించింది. కువైట్‌లో ఇంత ఇబ్బంది లేదు. కానీ రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, కోనసీమ నుంచీ అక్కడ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లను అడిగితే వేరే కథ చెబుతారు. వాళ్లకు నెట్‌వర్క్‌ ఉంటుంది, సిమ్‌ ఉంటుంది. ఫోన్‌ ఎప్పుడు చేతికివ్వాలో ఇంటి యజమానురాలు చెబుతుంది. ఏ చట్టమూ రాయని నిషేధం అది.

కల్లివెల్లి కష్టాలు

సోనాపూర్‌లో మరొకాయన కలిశాడు. యాభై దాటినట్టున్నాడు. పేరు అడిగితే 'ఎందుకు సారూ' అన్నాడు. ఆయన కల్లివెల్లి. అంటే కంపెనీ వదిలేసి, వీసా చెల్లకుండా ఉండిపోయినవాడు. వీసా గడువు తీరితే ఎమిరేట్స్‌ ఐడీ చెల్లదు. ఐడీ చెల్లకపోతే, కొత్త ఐడీతో నంబరు నమోదు చేయించుకోకపోతే సిమ్‌ కూడా ఆగిపోతుంది. కాబట్టి ఆయన జేబులో ఉన్న సిమ్‌ మరొకరి పేరు మీదది.

'ఆయన మంచోడు కాబట్టి ఇచ్చిండు. నా వల్ల ఆయనకు ఏమన్నయితే?' అని తనే భయపడుతున్నాడు. భయం న్యాయమైనదే. ఆ నంబరుతో ఏ తప్పు జరిగినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది సిమ్‌ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల కోసమే.

మేం కలిసిన రోజుల్లో యూఏఈలో క్షమాభిక్ష నడుస్తోంది. 2024 సెప్టెంబరు 1న మొదలై డిసెంబరు 31 దాకా సాగింది. జరిమానా లేకుండా ఇంటికి వెళ్లొచ్చు, లేదా పత్రాలు సరిచేసుకుని అక్కడే ఉండొచ్చు. ఈ సంగతి ఆయనకు తెలిసింది కూడా ఫోన్‌లో వచ్చిన ఓ వాయిస్‌ మెసేజ్‌ వల్లే! అప్పు తెచ్చుకున్న ఆ నంబరే లేకపోతే, ఇంటికెళ్లే దారి తెరుచుకుందని ఆయనకు చెప్పేవారెవరు?

బయల్దేరే ముందు..

పన్నెండేళ్ల అనుభవంతో మా బావ కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పే మాటలివి. విదేశానికి వెళ్లే ఎవరికైనా పనికొస్తాయి.

మన సిమ్‌ పారేయొద్దు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్‌ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. 90 రోజులు అసలు వాడకపోతే నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది. అందుకే రీఛార్జి చేయిస్తూ ఉండాలి. 2023 నుంచి యూఏఈ, సౌదీ, ఖతార్‌, ఒమన్‌తో సహా పలు దేశాల నంబర్లను ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలతో కలిపి యూపీఐ వాడుకునే వీలొచ్చింది. మీ బ్యాంకు ఆ సదుపాయం ఇస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇంటివాళ్ల నంబర్లు, కంపెనీ చిరునామా, పాస్‌పోర్టు వివరాలు కాగితం మీద కూడా రాసుకోవాలి. ఫోన్‌ ఛార్జింగ్‌ అయిపోతే జ్ఞాపకం ఉన్న నంబరు ఒక్కటీ ఉండదు.

మీ ఐడీ మీద మరొకరికి సిమ్‌ తీసివ్వొద్దు. గదికి ఇంటర్నెట్‌ తీసుకుంటే ఎన్ని నెలల ఒప్పందమో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ముందే అడగాలి. బిల్లు నలుగురూ పంచుకున్నా పేరు ఒక్కరిదే. మిగతా ముగ్గురూ ఊరెళ్లిపోతే కట్టాల్సింది ఆ ఒక్కరే.

కష్టం వస్తే భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. యూఏఈలో 800 46342కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. ఆ అంకెలు గుర్తుండవా? కీప్యాడ్‌ మీద 800 తర్వాత ఇంగ్లిషులో 'ఇండియా' అని నొక్కితే సరి.

మూడోసారి..

తిరిగి రావడానికి రెండ్రోజుల ముందు సాయంత్రం మళ్లీ సోనాపూర్‌ వెళ్లాం. కుర్రాడు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. వచ్చిన ఇరవై మూడో రోజున కార్డు చేతికొచ్చింది. కొట్టువాడు చెప్పినట్టు మిషను మీద వేలు పెట్టి, ఇండియాకు నిమిషాలు ఉన్న ప్యాక్‌ తీసుకుని, సిమ్‌ వేసుకున్నాడు. ఇంకా ఎవరికీ చేయలేదట. మొదటి కాల్‌ అవ్వకే.

అప్పుడు అక్కడ ఏడు గంటలు. మనకు ఎనిమిదిన్నర. తల్లి అన్నం తినే వేళ.

చేశాడు. రింగవుతోంది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి రింగవుతుంటే అటునుంచి కట్‌ చేసింది.

కుర్రాడు తల పట్టుకున్నాడు. 'నేనే చెప్పొచ్చిన అన్నా. ఏదన్నా కొత్త నంబర్‌ నుంచి ఫోనొస్తే ఎత్తకు, బ్యాంకుల పైసలు పోతయ్‌ అని.'

తెలియని విదేశీ నంబరు. పైగా రాత్రిపూట. కొడుకు చెప్పిన మాట బుద్ధిగా పాటిస్తోందామె!

'పక్కింటోళ్లకు చేసి చెప్పు. నువ్వేనని చెప్తరు' అన్నాడు మా బావ.

కుర్రాడు అడ్డంగా తలూపాడు. 'మళ్ల ఆళ్లకు చెప్పి చేసేదుంటే ఈ నంబర్‌ ఎందుకన్నా?'

కాసేపు ఫోన్‌ వంకే చూస్తూ నిలబడ్డాడు. ఏమనుకున్నాడో మళ్లీ నొక్కాడు. రెండు రింగులు.. కట్‌. మళ్లీ నొక్కాడు. రెండు రింగులు.. కట్‌. ఈసారి ఓ నిమిషం ఆగాడు. మా ఇద్దరి చేతుల్లో టీ చల్లారిపోతోంది. మళ్లీ చేశాడు.

మొదటి రింగుకే ఎత్తింది.

స్పీకర్‌ వేసే ఉంది. ముందు ఊపిరి వినిపించింది. తర్వాత సన్నటి గొంతు. 'ఎవ్వరు..? గిట్ల మీ బాపు కదరా చేసేది..?'

'నేనే అవ్వా. ఇది నా నంబర్‌. రాసిపెట్టుకో.'

స్పీకర్‌ తీసేసి, ఫోన్‌ చెవికి ఆనించుకుని, ఎవరూ లేని గోడ వారగా వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అరగంట దాకా రాలేదు. ఏం మాట్లాడుకున్నారో మాకు ఒక్క ముక్క వినిపించలేదు. ఇరవై మూడు రోజులుగా ఆ తల్లీకొడుకులు ఎదురుచూసింది కూడా దాని కోసమే.